ప్రమాణమేది?

విమానమును మొట్టమొదట నిర్మించినది మనవారేయనియు, పాశ్చాత్యులు మన శాస్త్రమును దొంగిలించి ఆ కీర్తిని కొట్టుకొనిపోయిరనియు సభావేదికలపై తరచుగా వినుచున్నాము. గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు పురముల గ్రంథాలయములకు వచ్చు చదువరులు ఈ మాటకు కరతాళధ్వనులు చేయుటకు ముందు ఒక్క ప్రశ్న వేయవలెను. ప్రమాణమేది?

చూపబడుచున్న ప్రమాణములు రెండు. 1895లో బొంబాయి చౌపాటీ తీరమున శివకర్ బాపూజీ తల్పడే విమానము నెగురవేసెననునది ఒకటి. దీనికి నమ్మదగిన సమకాలిక లేఖ్యమేదియు బయటపడలేదు. భరద్వాజ మహర్షి పేరిట చెలామణియగు వైమానిక శాస్త్రము రెండవది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో సుబ్బరాయశాస్త్రిగారు చెప్పగా వ్రాయబడిన గ్రంథమిది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ముకుందగారును, తోడి శాస్త్రజ్ఞులును 1974లో దీనిని పరీక్షించి, భాష ఆధునిక సంస్కృతమనియు, గ్రంథము 1904కు పూర్వపుది కాదనియు, అందలి యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. అట్లు తేల్చినవారు మనవారే గాని పరాయివారు కారు!

1903 డిసెంబరు 17న రైటు సోదరులు సాధించినదేమి? 12 సెకండ్లు, 120 అడుగులు. ఆ దినముననే నాలుగవ పర్యాయము 59 సెకండ్లు, 852 అడుగులు. ఇంతే! కాని దాని వెనుక ఎంతటి తపస్సు! సైకిళ్ల దుకాణము నడుపుకొను ఆ సోదరులు పూర్వుల లెక్కలు తప్పని గ్రహించి, 1901లో గాలిసొరంగము నిర్మించి, సుమారు 200 రెక్కల నమూనాలను పరీక్షించిరి. 1902లో ఇంజను లేని గ్లైడరుపై వందలకొలది పర్యాయములు ఎగిరి చూచిరి.

లేని ఘనతకు ఆశపడు వ్యాధి మనకొక్కరికే పట్టినది కాదు. లాంగ్లీ యంత్రము 1903లో రెండుసార్లు పొటోమాక్ నదిలో కూలినను, ఆయన కార్యదర్శిగా నుండిన స్మిత్సోనియన్ సంస్థ 1914 తరువాత అదియే ఎగురగల మొదటి విమానమని చాటినది. విసిగిన ఆర్విల్ రైట్ తన విమానమును 1928లో లండనుకు పంపివేసెను. తుదకు 1942లో ఆ సంస్థ తప్పొప్పుకొనెను. 1948లో విమానము స్వదేశము చేరెను. ప్రమాణము ముందు అంతటి సంస్థయే తలవంచగా మనకేల దురభిమానము?

దేశాభిమానమునకు మార్గము మన సీమలోనే యున్నది. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపణ పుట్టినపుడు సురవరం ప్రతాపరెడ్డిగారు వట్టి గొప్పలు చెప్పలేదు. ఊరూర విచారించి, 354 మంది కవులను 1934లో గోలకొండ కవుల సంచికయందు లోకమునకు చూపిరి. 1952లో వనపర్తి ప్రజలు శాసనసభకు పంపినది ఆ మహనీయునే.

గద్వాల పండితపోషణకు పేరుగాంచినది. వనపర్తి రాజప్రాసాదము పాలిటెక్నిక్ విద్యకు నిలయమైనది. ఇట్టి గడ్డపై పుట్టిన బాలురకు కట్టుకథలు నేర్పుట వారి చేతులు కట్టివేయుటయే యగును. పుష్పకమును కావ్యముగా చదివి ఆనందింతము. విమానశాస్త్రమును మాత్రము కొలబద్ద చేతబట్టి నేర్చుకొందము. తాతలు నేతులు త్రాగిరని మూతులు వాసన చూపుట ఇక చాలును!