వణికే సూర్యుణ్ణి నిలబెట్టే అద్దం

బాలలూ! మండుటెండలో రోడ్డు మీదుగా దూరాన ఉన్న చెట్టును చూడండి. నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతూ కనిపిస్తుంది. నిజంగా కదిలేది చెట్టు కాదు, గాలి. వేడిగాలి పలచన, చల్లగాలి చిక్కన. వాటిని దాటివచ్చే కాంతి మాటిమాటికీ రవంత వంగుతుంది. సూర్యుణ్ణి పరిశోధించే శాస్త్రజ్ఞులకు కూడా ఈ చిక్కు తప్పదు.

తమిళనాడులో కొడైకెనాల్ కొండమీద 1960 ప్రాంతంలో ఒక సూర్య టెలిస్కోపు నెలకొల్పారు. 11 మీటర్ల గోపురం మీది అద్దాలు ఎండను పట్టి, భూమిలోపల 60 మీటర్ల పొడవున్న సొరంగంలోకి పంపుతాయి. అక్కడ ఒక కటకం 34 సెంటీమీటర్ల వెడల్పున సూర్యబింబాన్ని ఏర్పరుస్తుంది. పెద్ద భోజనపు పళ్లెమంత సూర్యుడన్నమాట! అందులో కావలసిన చోటును సన్నని చీలిక మీద నిలిపి, లోపలికి దూరిన వెలుగును రంగులుగా విడదీస్తారు. అదే వర్ణపటం. దానిలో సన్నని నల్లగీతలుంటాయి. సూర్యునిలోని వాయువు మనవైపు వస్తూంటే అవి ఊదారంగు వైపు జరుగుతాయి. దూరంగా పోతూంటే ఎరుపు వైపు జరుగుతాయి.

సూర్యుని ముఖమంతా ఉడికే గంజిలాగా పొంగులే. ఒక్కొక్క పొంగు సుమారు 1,000 కిలోమీటర్ల వెడల్పు. దాని నడుమ వేడి వాయువు పైకి వస్తుంది. కొంత చల్లారి, నల్లని అంచులలో కిందికి దిగుతుంది. ఇప్పుడు లెక్క వేయండి. సూర్యుని వ్యాసం సుమారు 13,92,000 కిలోమీటర్లు. అది 340 మిల్లీమీటర్లలో ఇమిడితే, ఒక పొంగుకు దక్కేది పావు మిల్లీమీటరే! బింబం ఆ మాత్రం అటూ ఇటూ ఊగినా, పైకి వచ్చేదీ కిందికి దిగేదీ చీలికలో కలిసిపోతాయి. వాయువు అంతగా కదలడం లేదని గీతలు అబద్ధపు సాక్ష్యం చెబుతాయి.

దీనికి నేటి శాస్త్రజ్ఞులు వాడే ఉపాయం వినండి. కాంతి వచ్చే దారిలో చిటికెలో ఒరగగల చిన్న అద్దాన్ని పెడతారు. ఒక కెమేరా ఆ పొంగుల బొమ్మను సెకనుకు కొన్ని వందలసార్లు తీస్తుంది. కంప్యూటరు ప్రతి బొమ్మనూ మొదటి బొమ్మతో పోల్చి, ఎటు ఎంత జరిగిందో లెక్కకట్టి, అద్దాన్ని అందుకు తగినట్టు ఒరగిస్తుంది. బింబం తన చోటికి వస్తుంది. పొంగులు కొద్ది నిమిషాలలోనే రూపు మారతాయి కనుక, పోల్చే బొమ్మను కూడా తరచు మారుస్తూండాలి.

2006లో జపాను పంపిన హినోడే ఉపగ్రహంలో కూడా ఇటువంటి అద్దమే ఉన్నది. అక్కడ గాలి లేదు గదా అంటారేమో! ఉపగ్రహమే సన్నగా వణుకుతుంది మరి.

అయితే ఈ అద్దం బింబాన్నంతటినీ ఒక్కటిగానే జరపగలదు. గాలి ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క విధంగా చెదరగొడితే, ఆకారం మార్చుకోగల మరో అద్దం కావాలి.

మీరూ చేసి చూడండి. నీడగోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, చేతి అద్దంతో ఎండను దానిమీదనే నిలపండి. మీ కన్నే కెమేరా, మీ బుద్ధే కంప్యూటరు. అద్దం ఎంత ఒరిగితే వెలుగు దానికి రెట్టింపు తిరుగుతుంది; అందుకే చెయ్యి కాస్త వణికినా వెలుగు గంతులు వేస్తుంది. ఒక్క జాగ్రత్త: సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు; అద్దపు వెలుగు ఎవరి కళ్లలోనూ పడనీయవద్దు.