పన్ను బాకీ దాస్తే తీరదు

మన బెంగళూరు తెలుగు ఇళ్ళలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ పన్ను బాకీ పడితే ఇక్కడి అమ్మానాన్నలకు ఆ మాట చివరికి గానీ తెలియదు. తెలిసిన రోజున సైటు అమ్మేద్దామంటారు. తొందరపడవద్దని మా మాట.

ఐ.ఆర్.ఎస్. పన్ను కట్టమని అడిగాక 10 రోజుల్లో కట్టకపోతే, బాకీదారు ఆస్తులన్నిటి మీదా ప్రభుత్వానికి హక్కు ఏర్పడుతుంది. అదే ఫెడరల్ టాక్స్ లియన్. ఇది జప్తు కాదు, జప్తు వేరే మెట్టు. కానీ లియన్ నోటీసు రికార్డుకెక్కితే ఇల్లు అమ్మడం, అప్పు పుట్టడం కష్టం.

బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు లియన్ విడుదల చేస్తారు. అయినా పాత నోటీసు రికార్డులో కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోమని 12277 ఫారంతో విడిగా అడగాలి. బాకీ 25,000 డాలర్లకు మించకపోతే, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వాయిదాలు పోయే ఒప్పందం చేసుకుని, వరుసగా మూడు వాయిదాలు కట్టాక, మిగతా షరతులు కుదిరితే బాకీ తీరకముందే అడగవచ్చు.

అంటే దారులున్నాయి. వాటిని మూసేది మన సిగ్గే. పరువు పోతుందని కవర్లు విప్పకపోతే వడ్డీ, జరిమానా ఆగవు. నెలకింత కడతానని రాసిచ్చినవాడి పరువు ఎక్కడికీ పోదు.

ఈ ఆదివారం ఫోనులో "తిన్నావా?" అన్నాక, "పన్ను కాగితాలు సరిగ్గా ఉన్నాయా నాయనా?" అని కూడా అడుగుదాం. కోపంగా మాత్రం కాదు.