ఎవరి నొప్పి?

‘లైఫ్‌కి పర్పస్ ఏంటి?’ అని అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతుంటామా, ఉమ్మడి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశానికి ఆ జవాబు ఇంట్లోనే దొరికింది.

పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే అమ్మ లక్ష్మి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. రాత్రికి భుజం పట్టేసేది. చిన్నప్పుడే బడి మానేసిన ఆ కొడుకు ఏళ్లతరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

బీటెక్ చేసి కోడ్ రాసుకునే నాలాంటోళ్లం ‘నాకేది ఇష్టం?’ దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోతాం. ‘నావాళ్లలో ఎవరికి ఏం కష్టం?’ అని అడిగితే పని వెంటనే కనిపిస్తుంది. ప్రతిసారీ యంత్రమే కనిపెట్టక్కర్లేదు. అమ్మ మోకాళ్ల నొప్పులంటోందా? ఈ శనివారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.