ఢిల్లీ లేఖ: పద్దు మారితే పన్ను మారును

రూపాయికి రంగూ లేదు, వాసనా లేదు. కాని ఆదాయపు పన్ను చట్టం ముందుకు వచ్చేసరికి ప్రతి రూపాయికీ ఒక జాతకం ఏర్పడుతున్నది. బ్యాంకు వడ్డీగా వచ్చినది ఒక జాతి, వాటాలు అమ్మగా మిగిలినది మరొక జాతి. పౌరుడు ఎంత సంపాదించాడన్న దానికంటె, ఆ సంపాదనను ఏ పద్దు కింద చూపవలసి వచ్చిందన్నదే పెక్కు సందర్భాలలో పన్నును నిర్ణయిస్తున్నది. ఇది గుమాస్తాల లెక్కల గొడవ అని తోసిపుచ్చడానికి వీలులేదు. ఇది అచ్చమైన రాజకీయ ప్రశ్న.

చట్టం ఆదాయాన్ని ఐదు పద్దులుగా విభజించింది: జీతం, ఇంటి ఆస్తి, వ్యాపారం లేక వృత్తి, మూలధన లాభాలు, ఇతర వనరులు. వడ్డీ, డివిడెండు సాధారణంగా చివరి పద్దులో చేరి, శ్లాబు రేటుకు లోబడతాయి. స్టాక్ ఎక్స్‌చేంజీలో నమోదైన వాటాలను ఏడాదికి మించి ఉంచుకొని అమ్మితే, 1.25 లక్షల రూపాయలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను. ఏడాది తిరగకముందే అమ్మితే 20 శాతం. ఫ్యూచర్స్, ఆప్షన్ల లావాదేవీలు వ్యాపార ఆదాయం. రుణపత్రాలలో మదుపుచేసే మ్యూచువల్ ఫండ్ల యూనిట్లను 2023 ఏప్రిల్ 1 తరువాత కొన్నవారికి, ఎన్నేళ్లు ఉంచుకున్నా అది స్వల్పకాలిక లాభమే!

ఈ గీతలు శాశ్వతమైనవేమీ కావు. మూలధన లాభాలపై పన్నును 1947లో లియాఖత్ అలీఖాన్ బడ్జెట్టు తెచ్చింది. 1949లో దానిని ఎత్తివేశారు. కాల్డార్ సిఫారసుపై 1956లో తిరిగి విధించారు. వాటాలపై దీర్ఘకాలిక లాభాలకు 2004లో చిదంబరం మినహాయింపు ఇచ్చారు. 2018లో అరుణ్ జైట్లీ దానిని తొలగించి 10 శాతం పన్ను వేశారు. 2024 జూలైలో నిర్మలా సీతారామన్ దానిని 12.5 శాతం చేశారు. గీత గీసినవారు పాలకులే, చెరిపినవారూ పాలకులే.

దీని ఫలితమేమిటో 2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్కల్లో చూడవచ్చును. కొత్త పన్ను విధానంలో ఏడాదికి కోటి రూపాయల వడ్డీ పొందినవాడు సర్‌చార్జి, సెస్సులు గాక 25 లక్షలకు పైగా చెల్లించాలి. అదే కోటి వాటాలపై దీర్ఘకాలిక లాభమైతే దాదాపు 12 లక్షలతో సరి. మరి చిన్న మదుపరి సంగతి? 12 లక్షల వరకు పన్ను లేదని ఆ ఏటి బడ్జెట్టులో ఘనంగా ప్రకటించారు. పది లక్షల ఆదాయం మొత్తం వడ్డీయే అయిన విశ్రాంత ఉద్యోగికి ఆ మాట నిజమే. కాని ఆరు లక్షల వడ్డీకి తోడు నాలుగు లక్షలు వాటాలపై స్వల్పకాలిక లాభం వచ్చినవాడు సెస్సుతో సహా 83,200 రూపాయలు కట్టాలి. ప్రత్యేక రేటు పడే ఆదాయానికి ఆ రాయితీ వర్తించదు గనుక! ప్రత్యేక రేటు పైవాడికి గొడుగు, కిందివాడికి గుదిబండ అయింది.

మూలధన లాభానికి వేరు నీతి ఉండాలనే వాదంలో పస లేకపోలేదు. ఏళ్ల తరబడి పెరిగిన విలువను ఒక్క ఏడాది ఆదాయమనడం అన్యాయం. అందులో కొంత ద్రవ్యోల్బణపు నీడ మాత్రమే. కాని ద్రవ్యోల్బణ సవరణను 2024లో తొలగించినది ఈ ప్రభుత్వమే. గగ్గోలు పుట్టిన తరువాత, ఆ ఏడాది జూలై 23కు ముందు సంపాదించిన భూములు, భవనాల విషయంలో స్వదేశ నివాసులైన వ్యక్తులకు పాత లెక్కను ఎంచుకునే వీలు కల్పించారు. వడ్డీని కూడా ద్రవ్యోల్బణం తినివేస్తున్నది గదా! దానికి సవరణ ఇవ్వాలని ఎవరూ అనరేమి?

తలచుకుంటే పార్లమెంటు మనిషిని చూసి చట్టం చేయగలదు. 2017లో అమరావతి భూసమీకరణకు భూములిచ్చిన వారికి మూలధన లాభాల పన్ను మినహాయించినప్పుడు, 2014 జూన్ 2 నాటికి యజమానులైనవారికే దానిని పరిమితం చేశారు. సొంత భూమిని వదులుకున్న రైతుకూ, రాజధాని వస్తుందని తరువాత వచ్చి కొన్నవాడికీ నడుమ గీత గీయడం అప్పుడు సాధ్యమైనది.

ఆ శ్రద్ధ 2025లో కనిపించలేదు. 1961 నాటి చట్టానికి బదులుగా వచ్చిన కొత్త బిల్లును ఆగస్టు 11న లోక్‌సభ ప్రతిపక్షాల నిరసనల నడుమ చర్చ లేకుండానే ఆమోదించింది. మర్నాడు రాజ్యసభ ఆమోదముద్ర వేసింది. 819 సెక్షన్లు 536కు తగ్గాయి. భాష కొంత తేటపడింది. ఐదు పద్దులు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

చేయవలసినవి రెండు. రాయితీ పరిమితికి లోబడిన ఆదాయం ఏ పద్దులోనిదైనా రాయితీ వర్తింపజేయాలి. వార్షికాదాయం ఒక స్థాయి దాటినవారి మూలధన లాభాలను శ్లాబు రేటుకు లోబరచాలి. అందుకు తగినట్లు ద్రవ్యోల్బణ సవరణనూ ఇవ్వాలి. రానున్న బడ్జెట్టు చర్చలో ఈ సంగతి ఎత్తడానికి మన సభ్యులకు పార్టీ విప్ అడ్డురాదు. సెక్షన్లు తగ్గితే చట్టం చిన్నదవుతుంది. న్యాయమైనది కావాలంటే గీతలు సరిదిద్దాలి.