బొడ్రాయికి సర్వే నంబరు లేదు

సింగరేణి ఓపెన్‌కాస్టు కింద ఊరు పోతున్నప్పుడు అధికారులు అన్నీ లెక్క రాసుకుంటారు. ఎకరాలు, గుంటలు, ఇంటి కొలతలు, బోరు, మామిడి చెట్టు, టేకు చెట్టు. వేపచెట్టు రాస్తారు, దాని విలువ కడతారు. దాని కింద కొలువైన పోచమ్మకు మాత్రం ఆ కాగితంలో గడి లేదు. ఊరి నడుమ పాతిన బొడ్రాయికి లేదు. గౌడన్నలు మొక్కే కాటమయ్యకు, మొహర్రంలో ఊరంతా కలిసి లేపే పీర్ల కొట్టానికి, తాతముత్తాతల బొందలకు లేదు. ఈ లోటు చిన్నదని నేను అనుకోను. ఊరిని ఊరుగా కట్టి ఉంచినవి ఇవే.

మొదటి నుంచీ ఇలా లేదు. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు జాడ తీశాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా గని అంటే భూగర్భ గనే. కార్మికుడు కింద బొగ్గు కొట్టేవాడు, పైన రైతు నాగలి కట్టేవాడు. నేల కుంగి, బావులు ఎండి కష్టాలు పడ్డారు కానీ చాలాచోట్ల ఊరు ఉన్నచోటే ఉంది. 1970లలో ఓపెన్‌కాస్టు వచ్చాక ఆ అమరిక చెదిరింది. బొగ్గు పొర మీద ఉన్నదంతా ఎత్తి పక్కన పోయాల్సిందే. చెరువు, శిఖం, బాట, గుడి, అన్నీ ఎత్తిపోసిన పైమట్టి (ఓబీ) గుట్టలో మట్టిగా కలిసిపోతాయి. 2023-24లో సింగరేణి తీసిన సుమారు 7 కోట్ల టన్నుల్లో అత్యధికం ఈ గనులదే. తెలంగాణ ఉద్యమ కాలంలో కోల్‌బెల్టు జనం ఓపెన్‌కాస్టులను బొందలగడ్డలన్నారు. రామగుండం, మందమర్రి, భూపాలపల్లి వైపు వెళ్లి ఆ గుట్టలు చూసినవాళ్లెవరూ ఆ మాటను అతిశయోక్తి అనరు.

హైదరాబాద్ బోరబండలో కూర్చుని ఇదంతా ఎందుకు అనొచ్చు. ఎన్టీపీసీ రామగుండం థర్మల్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,600 మెగావాట్లు, అది మండించేది ప్రధానంగా సింగరేణి బొగ్గు. మన గల్లీలో ఫ్యాను తిరగడానికీ ఆ ఊళ్లు పోయిన గోతులకూ సంబంధం ఉంది. ఇంకో సంబంధం కూడా ఉంది. బోరబండ బస్తీల్లో ఉన్నది చాలావరకు జిల్లాల నుంచి పనికోసం వచ్చినవాళ్లే. ఆషాఢంలో ఇక్కడే బోనమెత్తుతారు. కానీ ఊళ్లో బొడ్రాయి పండుగ అంటే ఇంటికి తాళమేసి పోతారు. ఆ రోజు పెళ్లై వెళ్లిన ఆడబిడ్డలందరూ పుట్టింటికి రావాలి, ఊరి పొలిమేర కట్టేస్తారు, బలి అన్నం ఊరి చుట్టూ చల్లుతారు. పొలిమేరే లేని ఊరి ఆడబిడ్డ ఎక్కడికి రావాలి? పునరావాస కాలనీలో ప్లాట్ల వరుస ఉంటుంది, సిమెంటు రోడ్డు ఉంటుంది. ఒక్క ఊరి మనుషులు నాలుగు చోట్లకు చెదిరిపోతే పొలిమేర ఎవరు కడతారు?

అన్నీ పోలేదు. మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా ఉంది. అక్కడి మైసమ్మ జాతర నాయకపోడులది. బొగ్గు గనుల నడుమ ఆ గుట్ట, ఆ జాతర నిలిచి ఉన్నాయి. రాతికోట గనుక అది కంటికి కనిపిస్తుంది, దాని పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయికి ఆ భాగ్యం లేదు.

భూమిలో దొరికినవాటిని భద్రపరచడం మనకు చేతకాక కాదు. మేడిపల్లి ఓపెన్‌కాస్టులో బయటపడ్డ స్టెగోడాన్ ఏనుగు శిలాజాలు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకు చేరాయి. అదే గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం కూడా అక్కడే ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, చూడదగ్గవి. లక్షల ఏళ్ల కిందటి ఎముకను గుర్తుపట్టి జాగ్రత్తగా తీయగలిగినవాళ్లు, నిన్నటిదాకా పూజలందుకున్న రాయిని, దాన్ని మోసిన కుటుంబం పేరును, ఆ రోజు పాడిన పాటను రాసి పెట్టలేరా?

చట్టం కొంత దారి చూపింది. 2013 భూసేకరణ చట్టంలోని మూడో షెడ్యూలు కొత్త కాలనీలో ప్రార్థనా స్థలం, యాభై కుటుంబాలకొక రచ్చకట్ట, కులాల ఆచారాన్ని బట్టి శ్మశానం, ఆదివాసీ సంప్రదాయ సంస్థలకు వేరుగా స్థలం ఉండాలంటుంది. బొగ్గు భూములకు 1957 నాటి ప్రత్యేక చట్టం ఉంది. దాని కింద తీసుకునే భూములకు కూడా ఈ పునరావాస నిబంధనలు వర్తిస్తాయని 2015లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఊరి గుళ్లకు, శ్మశానాలకు, పచ్చికబయళ్లకు ఏమవుతుందో ముందే తేల్చాల్సిన సామాజిక ప్రభావ అంచనా మాత్రం 1957 చట్టం దారిలో తప్పనిసరి కాలేదు. ఏం పోతుందో రాయకుండా ఏం ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? అందుకే అన్ని కాలనీలకూ ఒకే నమూనా గుడి వస్తుంది. ఆ గుడి ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఊరిని ముందే అడిగిన ఉదాహరణ ఉంది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. కొండ తమ దేవుడని చెప్పి బాక్సైట్ గనిని పన్నెండూ తిరస్కరించాయి. ప్రతి గనినీ ఆపాలని నేను అనడం లేదు. సింగరేణి జీతాల మీద బతికిన ఇళ్లు తెలంగాణలో వేలకు వేలు, ఆ అన్నాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. అడుగుతున్నది ఒకటే. నోటిఫికేషన్‌కు ముందే గ్రామసభ తన చేతులతో ఊరి పటం గీయాలి. ఏ దేవత ఎక్కడ ఉంది, పండుగ ఎప్పుడు, పూజారి కుటుంబం ఏది, బతుకమ్మలు ఏ చెరువులో వేస్తారు, ఎవరి బొందలు ఎక్కడ, ఇవన్నీ అందులో ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో తమ సంస్కృతిని, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. మైదాన గ్రామాలకు కూడా ఆ పద్ధతి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు, కంపెనీ తలచుకుంటే చాలు. బొగ్గు అయిపోయాక గని మూసివేత ప్రణాళికలో కూడా ఆ పటం ఉండాలి. ఓబీ గుట్టల మీద మొక్కలు నాటి లెక్క చూపడంతో సరిపెట్టుకోకుండా, గోతిలో నిలిచే నీటి మీద, తిరిగి చదును చేసిన నేల మీద పాత ఊరివాళ్లకు మొదటి హక్కు రాసివ్వాలి. ప్రజాభిప్రాయ సేకరణకు టెంటు వేయడానికి నెల రోజుల ముందే ఆ పటం పంచాయతీ గోడ మీద కనిపించాలి.