తినబోతూ ఏఐని రుచి అడగడం ఎందుకు?

"మెస్‌లో తినాలా, బయట నుంచి బిర్యానీ చెప్పాలా?" "ఫ్రెషర్స్ పార్టీకి బ్లాక్ షర్టా, వైటా?" "ఓపెన్ ఎలక్టివ్ ఏది పెట్టుకోవాలి?" "సంక్రాంతికి ఇంటికెళ్లాలా, ఇక్కడే ఉండి డీఎస్ఏ ప్రాక్టీస్ చేసుకోవాలా?" "వాడు సారీ చెప్పాడు, మళ్లీ మాట్లాడాలా వద్దా?"

ఇవన్నీ ఈమధ్య మన బ్యాచ్ వాళ్లు ఏఐని అడిగిన ప్రశ్నలే. షర్టు దగ్గర్నుంచి స్నేహం దాకా అన్నీ ఒకే చాట్‌బాక్స్‌లోకి పోతున్నాయి. ఎందుకురా అంటే, "పొద్దున్నుంచి డిసైడ్ చేసీ చేసీ బుర్ర వేడెక్కిపోయింది మామా, అదే చెప్పనీ" అంటారు. దీనికి ఇంగ్లిష్‌లో డెసిషన్ ఫెటీగ్ అని పేరు. మనం నిర్ణయాల అలసట అనుకుందాం.

ఏఐ మీద నాకు కోపమేమీ లేదు. సీఎస్ఈ చదువుతున్నా, రేపు నాకు కూడు పెట్టేది అదే. నేను చెప్పేది ఒక్కటే: రేపు ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే మనమే నిలబడి జవాబు చెప్పుకోవాల్సిన నిర్ణయాన్ని దాని చేతిలో పెట్టొద్దు. మిగతావి హాయిగా పెట్టేయొచ్చు.

ముందు ఈ అలసట సంగతి చూద్దాం. మనసుకి ఒక బ్యాటరీ ఉంటుందని, ప్రతి నిర్ణయానికీ కొంచెం కొంచెం ఛార్జింగ్ దిగిపోతుందని మనందరం అనుకుంటాం. ఈ ఆలోచనకి బలమిచ్చింది 1998లో అమెరికాలో రాయ్ బామైస్టర్ బృందం చేసిన ప్రయోగం. అప్పుడే కాల్చిన చాక్లెట్ కుకీలు ఎదురుగా పెట్టి, కొందరిని మాత్రం వాటిని ముట్టుకోకుండా ముల్లంగి తినమన్నారు. తర్వాత అసలు సాల్వ్ చెయ్యడానికే కుదరని పజిల్స్ ఇస్తే, ముల్లంగి తిన్నవాళ్లు కుకీలు తిన్నవాళ్లకంటే చాలా ముందే చేతులెత్తేశారు. అంటే మనసుని అదుపులో పెట్టుకోవడానికి వాడే శక్తి ఖర్చయిపోతుందని తేల్చారు. కానీ 2016లో 23 ల్యాబులు కలిసి 2,000 మందికి పైగా జనంతో ఇదే సిద్ధాంతాన్ని వేరే టెస్టుతో పరీక్షిస్తే, ప్రభావం దాదాపు సున్నా అని వచ్చింది. అలసట అబద్ధమని నేననట్లేదు. బ్యాటరీ కథ మాత్రం మనం అనుకున్నంత గట్టిది కాదు. కాబట్టి "చిన్నవి ఏఐకి ఇచ్చేస్తే పెద్దవాటికి ఛార్జింగ్ మిగులుతుంది" అనే లెక్కని గుడ్డిగా నమ్మలేం.

మరి మనకెందుకింత అలసట? నాకు తోచిన కారణం, అలవాటు లేకపోవడం. మన రికార్డు ఒకసారి చూసుకోండి. టెన్త్ అయ్యాక ఎంపీసీనా, బైపీసీనా? ఇంట్లో తేల్చేశారు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి? పీఆర్వో ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడి వెళ్లాడు. ఇంటర్ రెండేళ్లూ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో బెల్లు చెప్పింది. ఎంసెట్ వెబ్ ఆప్షన్ల వరుస మామయ్య ఫ్రెండో, నెట్ సెంటర్ అన్నో పెట్టాడు. అలా పద్దెనిమిదేళ్లు గడిపేసి, హాస్టల్ గదిలో సూట్‌కేస్ దించిన రోజున ఒక్కసారిగా అన్నీ మన నెత్తిన పడ్డాయి. ఎప్పుడూ జిమ్‌కి వెళ్లనోడికి మొదటిరోజు ఒళ్లంతా పట్టేసినట్టు ఉంటుంది కదా, ఇదీ అంతే. సరిగ్గా అప్పుడే చేతిలోకి ఏఐ వచ్చింది. నిన్నటిదాకా నాన్న కూర్చున్న కుర్చీలో అది కూర్చుంది. మనం మాత్రం ఆ కుర్చీ ఎక్కనే లేదు.

"నాన్న చెబితే ఓకే, ఏఐ చెబితే తప్పా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1999లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి అక్షరాలు కలిపి మాటలు చేసే ఆట ఇచ్చారు. ఏ రకం ఆట ఆడాలో కొందరు సొంతంగా ఎంచుకున్నారు, కొందరికి అమ్మ ఎంచిందని చెప్పారు, కొందరికి ముక్కూమొహం తెలియని మేడమ్ ఎంచింది. తెల్లజాతి అమెరికన్ పిల్లలు సొంతంగా ఎంచుకున్నప్పుడు బాగా ఆడారు. చైనా, జపాన్ మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందంటే అందరికంటే బాగా ఆడారు. కొత్త మేడమ్ ఎంచితే మాత్రం వీళ్లకీ ఉత్సాహం తగ్గిపోయింది. నాకు అర్థమైంది ఏంటంటే, మనవాళ్లు మన తరఫున నిర్ణయిస్తే అది బరువు కాకపోవచ్చు. ఎందుకంటే తేడా వస్తే వాళ్లూ మనతో పాటు బాధపడతారు. ఏఐ అమ్మ కాదు. ఎంత తీయగా మాట్లాడినా ఆ కొత్త మేడమ్ లాంటిదే.

పైగా అది ఎలా పని చేస్తుందో మనకి తెలియంది కాదు. తర్వాత రావాల్సిన టోకెన్లకి ప్రాబబిలిటీలు లెక్కేస్తుంది, వాటిల్లోంచి ఒకటి తీస్తుంది. అందుకే ఒకే ప్రశ్న రెండు కొత్త చాట్లలో అడిగితే ఒకచోట అవునని, ఇంకోచోట కాదని రావచ్చు. ఆప్షన్ల వరుస తిప్పి అడిగినా జవాబు మారొచ్చు. మన మొగ్గు ఎటుందో ప్రశ్నలోనే తెలిసిపోతే అటే తల ఊపేస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్ఏఐ తన జీపీటీ-4ఓ అప్‌డేట్ ఒకటి యూజర్లకి మరీ భజన చేస్తోందని వెనక్కి తీసుకుంది కూడా. ఇక లోకంలో ఎక్కువమంది రాసిపెట్టిన దారి వైపే దాని నడక. నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా.

సంక్రాంతి ప్రశ్ననే తీసుకోండి. కుటుంబం ముఖ్యం, కెరీరూ ముఖ్యం, బ్యాలెన్స్ చేసుకో అని పాయింట్లు పాయింట్లుగా చెబుతుంది. ఊళ్లో తాతయ్య మంచాన పడ్డాడని, వచ్చే పండక్కి ఉంటాడో ఉండడో అని మీరు టైప్ చెయ్యకపోతే దానికి తెలీదు. ఒకవేళ టైప్ చేశారా, ఆ లైన్ టైప్ చేసిన క్షణంలోనే మీకు జవాబు తెలిసిపోయినట్టు.

మా ఫ్రెండ్ ఒకడు వచ్చిన ఇంటర్న్‌షిప్ వద్దనుకున్నాడు. ఏఐతో గంటసేపు మాట్లాడి, ప్లస్సులూ మైనస్సులూ టేబుల్ వేయించి మరీ తీసుకున్న నిర్ణయం. ఆ రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేశారు. ఆర్టీసీలో కండక్టర్ ఆయన. తిట్టలేదు, అరవలేదు. "ఎందుకు వద్దనుకున్నావు నాన్నా?" అని మాత్రమే అడిగారు. వాడు టేబుల్ మొత్తం చదివాడు. "అది సరే, నీకేమనిపించింది?" అన్నారాయన. వాడి దగ్గర మాట లేదు. నిర్ణయం సరైందే కావచ్చు. కానీ అది వాడిది కాదు.

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇంట్లో ఇంజనీర్లున్నవాళ్లు డౌటొస్తే బాబాయినో అక్కనో అడుగుతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు ఎవర్ని అడగాలి? వాళ్లకి అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా చెప్పే సీనియర్ ఏఐ. నెట్ సెంటర్ అన్న హడావుడిగా కొట్టిన వెబ్ ఆప్షన్లకంటే అది చెప్పేది చాలాసార్లు మేలే. ఈ మాట కాదనేవాళ్లు ఆ నెట్ సెంటర్ బయట క్యూలో నిలబడి ఉండరు. అందుకే మానేయమని నేననను. ఎలా అడుగుతున్నామో చూసుకోమంటాను.

బట్టలు, టిఫిన్, ఎగ్జామ్ టైమ్‌టేబుల్, ట్రిప్ ప్లాను లాంటివి ఏఐకి వదిలేయండి. తేడా వచ్చినా రేపు మార్చుకోవచ్చు. నిజానికి మెస్ దాకా వెళ్లి తినబోతూ రుచి అడగడం ఎందుకు, అది వేరే సంగతి! సమాచారం తక్కువైన చోట, అంటే కోర్సులు, స్కాలర్‌షిప్‌ల లాంటి వాటికి, సమాచారం తెమ్మనండి. తెచ్చింది అసలు వెబ్‌సైట్లో సరిచూసుకోండి. "ఎందుకు?" అన్న జవాబు మీరే చెప్పుకోవాల్సిన వాటికి మాత్రం వరుస తిరగేయండి. ముందు మీ జవాబు, కారణం కాగితం మీద రెండు లైన్లు రాయండి. ఆ తర్వాత ఏఐతో, "నువ్వు జవాబు చెప్పకు, నన్ను ఐదు ప్రశ్నలు అడుగు" అనండి. అప్పుడది బాగా ఉపయోగపడుతుంది.

ఆఖరుగా ఒక పెద్దాయన గురించి. హెర్బర్ట్ సైమన్ అని, ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకరు. 1975లో ట్యూరింగ్ అవార్డు, 1978లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్నారు. మనిషి అన్ని దారులూ వెతికి బెస్ట్ ఎంచుకోలేడని, తనకి ఇంత ఉంటే చాలని ఒక గీత గీసుకుని, దాన్ని దాటింది దొరకగానే ఆగిపోతాడని ఆయన చెప్పారు. మన అలసటలో సగం ఆ "చాలు" అనలేకపోవడం వల్లే. మనకి ఎంత చాలో ఇంకెవరూ చెప్పలేరు.

వచ్చే సెమిస్టర్ ఎలక్టివ్ రిజిస్ట్రేషన్ లింక్ రాగానే, చాట్‌బాక్స్ తెరిచే ముందు ఆ రెండు లైన్లు రాసి చూడండి. ఏఐ ఒప్పుకోకపోయినా పర్లేదు. ఇంట్లో ఫోన్ చేసి అడిగితే చెప్పడానికి మీ దగ్గర మీ మాట ఉంటుంది.