షిఫ్టు లెక్క కార్మికునికి తెలియవలెను

వేతన సమస్యను గూర్చి వ్రాయువారు గంటకు ఎంత చెల్లింపవలెననుటను విస్తరించి చర్చింతురే కాని, ఆ రేటును ఏ సంఖ్యచే గుణింపవలెనో ఆ గంటలను ఎవరు, ఏ పట్టిక చూచి నిర్ణయించుచున్నారను విషయమును గుమాస్తాకు వదలివేయుదురు. కష్టజీవి సొమ్ము ఎవరికిని తెలియకుండ జారిపోవుచున్నది సరిగా అక్కడనే.

1948 నాటి కర్మాగారముల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు అని రెండు హద్దులు గీచి, వానిలో ఏది దాటినను ఆపై కాలమునకు సామాన్య వేతనమునకు రెండింతలు ఇయ్యవలెనని శాసించినది. ఈ వారపరిమితి సులభముగా లభించినది కాదు. 1922లో 60 గంటలుగా నుండి, ఏడాది పొడుగున నడచు కర్మాగారములకు 1934లో 54కు తగ్గి, 1946లో గాని 48కి దిగలేదు.

ఆ రెండు హద్దులును అమలులో నున్న దినములలో, గుంటూరు ప్రాంతమున ఒక నూలుమిల్లులో, గంటకు 60 రూపాయల రేటుపై, రాత్రి 10 గంటలకు పనిలో దిగి, నడిరేయి దాటిన పిమ్మట అరగంట భోజన విరామము గైకొని, ఉదయము 7-30కి వెలుపలికి వచ్చు కార్మికుడొకడు కలడనుకొందము. అతడు చేసినది 9 గంటలు. ఆరు రాత్రులకు 54. ఏ ఒక్క రాత్రియు దినపరిమితిని దాటలేదు కనుక, మస్టరులో దినపు గడిని మాత్రమే చూచు టైం ఆఫీసువారికి ఓవర్‌టైం కానరాదు. వారము మొత్తము కూడినప్పుడే ఆరు గంటలు పైబడినవని తేలును. 48 గంటలకు 2,880, ఆరు గంటలకు 120 చొప్పున 720, వెరసి 3,600 రూపాయలు అతనికి రావలెను. వారమునకు 48 గంటలే పట్టి, దినమునకు 480 చొప్పున ఆరు దినముల కూలి కట్టి పంపినచో 720 పోయినవి. 54 గంటలకును 60 చొప్పుననే కట్టినచో 360 పోయినవి.

రాత్రి షిఫ్టులో మరియొక చిక్కు గలదు. సెలవుకు ముందటి రాత్రి, రిలీవరు రానందున, అతడు ఉదయము 10 గంటల వరకు నిలిచిపోయెననుకొందము. విరామము పోగా 11½ గంటలు, అనగా 2½ గంటల ఓవర్‌టైం. అర్ధరాత్రి దాటిన తరువాతి గంటలు ముందుదినమునకే చెందునని చట్టము స్పష్టముగా చెప్పుచున్నను, పట్టికను అర్ధరాత్రి యొద్ద తెగగొట్టినచో, మొదటి తేదీకి, అంతకు ముందటి షిఫ్టు ఉదయపు గంటలతో కలిసి, సరిగా 9, రెండవ తేదీకి 9½ గంటలు పడి, ఓవర్‌టైం అరగంటకు కుదించుకొనిపోవును.

వేలిముద్ర యంత్రములు వచ్చినంతనే లెక్క నిర్దుష్టమైనదని భావించుటయు పొరపాటు. 8 గంటల 40 నిమిషములను 8.40 అని ఎక్కించి రేటుతో గుణించినచో, దశాంశ గణితమున అది 8 గంటల 24 నిమిషములే యగును. షిఫ్టుకు 16 నిమిషములు, ఈ రేటున 16 రూపాయలు, 26 షిఫ్టులకు 416 రూపాయలు! బియ్యపు ఖర్చునకై వెదకుకొను కుటుంబమునకు ఇది అల్పము కాదు.

2025లో ఉభయ తెలుగు రాష్ట్రములును, ఆంధ్రమున కర్మాగారములకు, తెలంగాణమున వాణిజ్య సంస్థలకు, దినపరిమితిని 10 గంటలకు పెంచ నిశ్చయించి, వారమునకు 48 గంటల హద్దును మాత్రము ఉంచినవి. దినపు హద్దు సడలినకొలది భారమంతయు వారపు లెక్కపైననే పడుచున్నది. పదేసి గంటల చొప్పున ఆరు దినములు పనిచేసినవారికి 12 గంటల రెండింతల వేతనము దక్కుటయో, దక్కకపోవుటయో, ఆ ఒక్క కూడికపై ఆధారపడి యున్నది.

కావున జీతపు చీటీపై కేవలము మొత్తము ముద్రించి చేతులు దులుపుకొనుట చాలదు. ప్రతి షిఫ్టునకు వచ్చిన వేళ, పోయిన వేళ, విరామము, వారము వారమునకు సామాన్య గంటలు, పైగంటలు, రెండింటి రేట్లు తెలుగున వ్రాసి, జీతము చెల్లించుటకు కనీసము రెండు మూడు దినములు ముందుగా ఆ పత్రమును కార్మికుని చేతికి ఇయ్యవలెను. అతడు చూపిన తప్పును అదే జీతములో సరిదిద్దవలెను.